పడేయడం తెలిసినవాళ్ల ఆట



పెళ్లివారి విడిదిలోనో, శివరాత్రి జాగారం నాడో, సంక్రాంతికి అల్లుళ్లు దిగిన ఇంట్లోనో పేక కట్ట బయటికి రావడం మనకు కొత్త కాదు. పదమూడు ముక్కల రమ్మీ చాలామందికి చిన్నప్పుడే వచ్చేస్తుంది. మూడు ముక్కలాట పెద్దలు నేర్పకపోయినా వచ్చేస్తుంది. పోకరు మాత్రం మనకు ఎక్కువగా సినిమాల్లోంచే తెలుసు. అక్కడ హీరో ఎదుటివాడి కళ్లలోకి సూటిగా చూస్తాడు, ఉన్నదంతా ముందుకు తోసేస్తాడు, ఆఖరి ముక్క తిరగేస్తే ఆసు. పోకరంటే అదేననుకుని మొదలుపెట్టినవాళ్లు మొదటి గంటలోనే ఖాళీ చేతులతో లేస్తారు. నిజంగా బాగా ఆడేవాళ్ల పక్కన కూర్చుని చూస్తే మనకు విసుగు పుడుతుంది. వాళ్లు ఎక్కువసేపు చేసే పని వచ్చిన ముక్కలను పడేయడమే. ఈ ఆట ఎలా మొదలుపెట్టాలో, మొదలుపెట్టాక ఎలా మెరుగుపడాలో ఇవాళ చెబుతాను. నా మాటంతా ఆ పడేయడం చుట్టూనే తిరుగుతుంది.

డబ్బు సంగతి ముందే తేల్చుకుందాం. రమ్మీలో నైపుణ్యానిదే పెద్ద పాత్ర అని సుప్రీంకోర్టు 1967లో చెప్పింది. సికింద్రాబాదులోని ఒక క్లబ్బు మీద వచ్చిన కేసులో ఇచ్చిన తీర్పు అది. పోకరు దగ్గరికి వచ్చేసరికి హైకోర్టులు తలో మాట చెప్పాయి. ఈలోగా తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో తమ చట్టాలను సవరించి ఆన్‌లైన్‌లో పందెం కాసే ఆటలకు తలుపులు మూశాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం దేశమంతటా ఆన్‌లైన్ డబ్బు ఆటలను నిషేధించింది. అది నైపుణ్యం ఆటా, అదృష్టం ఆటా అన్న తేడాను ఆ చట్టం పట్టించుకోదు. చట్టం మాట అటుంచినా, డబ్బు బల్ల దగ్గర ఆడించేవాడు ప్రతి ఆటలోనూ తన వాటా కోసుకుంటాడు. బల్ల చుట్టూ ఉన్నవాళ్లు సమానంగా ఆడుతుంటే ఆ కోత వల్లే చివరికి అందరూ నష్టపోతారు. పేక అప్పులు తీర్చలేక పొలాలు అమ్ముకున్న ఇళ్లు, పిల్లల చదువులు ఆగిపోయిన ఇళ్లు మన ఊళ్లలో ఉన్నాయి. కాబట్టి నేను చెప్పబోయే పోకరంతా చింతగింజలతో ఆడేది. మనిషికి వంద గింజలు చాలు. ఆటలోని లెక్క, ఊహ, ఓర్పు అన్నీ ఆ గింజలతోనే నేర్చుకోవచ్చు.

ప్రపంచంలో ఎక్కువమంది ఆడే రకం టెక్సాస్ హోల్డెమ్. టెక్సాస్‌లోని రాబ్స్‌టౌన్ అనే చిన్న ఊరు దీని పుట్టిల్లని ఆ రాష్ట్ర శాసనసభే గుర్తించింది. 1960లలో అక్కడి ఆటగాళ్లు దీన్ని లాస్ వేగస్‌కు తీసుకెళ్లారు. 1970లో బెన్నీ బినియన్ తన హార్స్‌షూ కేసినోలో మొదలుపెట్టిన వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్‌తో దీనికి పేరొచ్చింది.

మీ దగ్గర పేక ఉంటే ముందు పెట్టుకోండి, వింటూనే పరచుకోవచ్చు. జోకర్లు తీసేస్తే 52 ముక్కలు. ఒక్కొక్కరికి రెండేసి ముక్కలు బోర్లించి పంచాలి. ఎవరివి వాళ్లే చూసుకోవాలి. పంచినవారికి ఎడమ పక్కన కూర్చున్న ఇద్దరు ముక్కలు చూడకముందే బల్ల మధ్యలో గింజలు పెట్టాలి, మొదటివారు ఒకటి, రెండోవారు రెండు. వీటిని స్మాల్ బ్లైండ్, బిగ్ బ్లైండ్ అంటారు. ఆ గింజలు లేకపోతే ప్రతివాళ్లూ ఆసుల జత కోసం తెల్లారేదాకా చేతులు కట్టుకుని కూర్చుంటారు. ఆ తర్వాతి మనిషి నుంచి వరసగా ఒక్కొక్కరూ మూడింట్లో ఒకటి చెప్పాలి. ముక్కలు పడేయడం ఫోల్డ్. ముందువాళ్లు పెట్టినదానికి సరిపెట్టడం కాల్. పెంచడం రెయిజ్. ఆ వరస ముగిశాక మధ్యలో మూడు ముక్కలు తిరగేసి పరుస్తారు, అది ఫ్లాప్. మళ్లీ ఒక వరస. నాలుగో ముక్క టర్న్, ఇంకో వరస. అయిదో ముక్క రివర్, ఆఖరి వరస. ఈ మూడు వరసల్లో మీకన్నా ముందు ఎవరూ ఏమీ పెట్టకపోతే మీరూ పెట్టకుండా ఊరుకోవచ్చు, దాన్ని చెక్ అంటారు. చివరిదాకా మిగిలినవాళ్లు తమ రెండు, మధ్యలోని అయిదు కలిపి ఏడింట్లోంచి మేలైన అయిదు ఏరి చూపించాలి. అందరూ పడేసి ఒక్కరే మిగిలితే చూపించనక్కర్లేదు, మధ్యలో ఉన్న కుప్ప వాళ్లదే.

ఏ చేయి పెద్దదో కింది నుంచి చెబుతాను. ఏదీ కలవని చేయి అన్నిటికన్నా చిన్నది. దానిపైన ఒక జత, రెండు జతలు, ఒకే అంకెవి మూడు. ఆపైన సీక్వెన్సు, దాన్నే స్ట్రెయిట్ అంటారు. దానిపైన ఒకే జాతి ముక్కలు అయిదు, ఫ్లష్. ఆపైన మూడూ రెండూ కలిసిన ఫుల్ హౌస్, ఒకే అంకెవి నాలుగు, అన్నిటికీ పైన ఒకే జాతి సీక్వెన్సు.

మూడు ముక్కలాట అలవాటున్నవాళ్లు ఇక్కడ ఒకచోట తడబడతారు. ఆ ఆటలో సీక్వెన్సు కలర్‌ను కొడుతుంది. పోకరులో కలర్, అంటే ఫ్లష్, సీక్వెన్సును కొడుతుంది. ఎవరో ఇష్టమొచ్చినట్టు మార్చింది కాదిది, లెక్కలోంచి వచ్చిందే. 52 ముక్కల్లోంచి మూడేసి తీస్తే 22,100 రకాలుగా వస్తాయి. వాటిలో ఒకే జాతివి కాని సీక్వెన్సులు 720, సీక్వెన్సు కాని కలర్లు 1,096. సీక్వెన్సే అరుదు కాబట్టి అదే పెద్దది. అయిదేసి తీస్తే 25,98,960 రకాలు వస్తాయి. అప్పుడు సీక్వెన్సులు 10,200 అయితే కలర్లు 5,108 మాత్రమే. ముక్కల సంఖ్య పెరిగేసరికి అరుదుతనం తిరగబడింది. పోకరులో ఏది ఎంత అరుదో అదే దాని విలువ. ఈ ఆటలో నాకు బాగా నచ్చిన గుణం ఇది. ఎక్కడ తవ్వినా కింద ఒక లెక్క దొరుకుతుంది.

ఇక మొదటి నిర్ణయం. రెండు ముక్కలు చేతికొచ్చాయి. ఉంచాలా, పడేయాలా? నా లెక్కన సగం ఆట ఇక్కడే తేలిపోతుంది. కొత్తవాళ్లు పడేయలేరు. పంచాక ఆడకుండా కూర్చోవడమేమిటన్న బాధ. ఒక్క బొమ్మ కనిపిస్తే చాలు, ఉంచేస్తారు. రెండూ ఒకే జాతివైతే ఇక చెప్పనక్కర్లేదు. కానీ చూడండి. చేతిలో ఒకే జాతి ముక్కలు రెండున్నప్పుడు, ఫ్లాప్‌లోని మూడూ అదే జాతివై పడటం దాదాపు 119 సార్లకు ఒకసారి. జతగా ముక్కలు రావడం 17 సార్లకు ఒకసారి, ఆసుల జత రావడం 221 సార్లకు ఒకసారి. జత కాని రెండు ముక్కలతో ఫ్లాప్ చూస్తే, మన ముక్కల్లో ఒక్కటైనా అక్కడ జత కలిసేది మూడింట ఒక వంతు కన్నా కాస్త తక్కువ. ఆసు, రాజు పట్టుకున్నా ఇదే లెక్క. అంటే మంచి ముక్కలకు కూడా మూడుసార్లలో రెండుసార్లు ఫ్లాప్‌తో పొత్తు కుదరదు. ఇక ఇస్పేటు రాణికి కళావరు మూడు తోడున్న చేతితో ఫ్లాప్ చూడటానికి గింజలు పోయడం ఎందుకు? జత కలిసినా, పక్కన మంచి ముక్క ఉన్న ఇంకో రాణి మిమ్మల్ని కొట్టేస్తుంది. తొమ్మిది మంది కూర్చున్న బల్ల దగ్గర జాగ్రత్తపరులు అయిదు చేతుల్లో నాలుగు ఫ్లాప్ చూడకుండానే పడేస్తారు. మనిళ్లలోలా నలుగురో అయిదుగురో ఆడుతుంటే అంత పట్టుదల అక్కర్లేదు, అయినా సగానికి పైగా పడేయాల్సిందే.

రమ్మీ ఆడేవాళ్లకు ఇందులో ఒక సుళువుంది. ముక్కలు బాగాలేకపోతే మొదట్లోనే డ్రాప్ చెప్పి తక్కువ పాయింట్లతో బయటపడటం వాళ్లకు అలవాటే. అలా చెప్పగలిగినవారు పోకరు త్వరగా పట్టుకుంటారు.

ఎక్కడ కూర్చున్నారన్నది కూడా ముక్కలంత ముఖ్యం. మొదట మాట్లాడాల్సినవారికి వెనకవాళ్లు ఏం చేస్తారో తెలియదు. చివర్న మాట్లాడేవారు అందరి మాటా విని నిర్ణయించుకుంటారు. పంచినవారు ఫ్లాప్ తర్వాత ప్రతి వరసలోనూ చివరనే మాట్లాడతారు కాబట్టి ఆ స్థానం బంగారం. ఒకే జాతి పదీ తొమ్మిదీ మొదటి స్థానంలో పడేయదగ్గవి, చివరి స్థానంలో ఆడదగ్గవి. ముక్కలు అవే, ఆడేవారూ వారే, మారింది కుర్చీ ఒక్కటే. ఇది ఒంటబట్టడానికి చాలామందికి ఎక్కువ కాలమే పడుతుంది. ఇంకో అలవాటు కూడా మొదట్లోనే చేసుకోండి. మీకన్నా ముందు అందరూ పడేశారు, మీకు ఆడాలనుంది. అప్పుడు ఊరికే సరిపెట్టకండి, పెంచండి. పెంచదగ్గ ముక్కలు కాకపోతే పడేయండి. ఆటగాళ్లు అనుభవంతో ఎప్పటినుంచో చెబుతున్న ఈ మాటను 2019లో కార్నెగీ మెలన్ యూనివర్సిటీ, ఫేస్‌బుక్ పరిశోధకులు తయారుచేసిన ప్లూరిబస్ అనే కంప్యూటర్ ప్రోగ్రామ్ కూడా బలపరిచింది. దానికెవరూ మనుషుల ఆటలు చూపించి నేర్పలేదు. తనతో తానే ఆడుకుని నేర్చుకుంది. ఒక్క స్మాల్ బ్లైండ్ స్థానంలో తప్ప మిగతాచోట్ల మొదటగా ఊరికే సరిపెట్టడం దండగని అది కూడా తేల్చింది.

ఇప్పుడు ఒక చేయి దగ్గరగా చూద్దాం. ఇది విని ఊరుకోకుండా బల్ల మీద పరచండి. మీ చేతిలో ఆఠీను ఆసు, ఆఠీను పది. మధ్యలో ఆఠీను రాజు, ఆఠీను ఏడు, ఇస్పేటు రెండు, టర్న్‌లో కళావరు నాలుగు. మీకు నాలుగు ఆఠీన్లున్నాయి. ఇంకొక్కటి పడితే ఫ్లష్, అదీ ఆసుతో. ఎదురుగా మీ బావగారు. కుప్పలో 60 గింజలున్నాయి. బావగారు 15 పెట్టారు. మీరు సరిపెట్టాలా, పడేయాలా?

లెక్క వేద్దాం. మీకు కనిపించినవి ఆరు ముక్కలు, కనిపించనివి 46. పదమూడు ఆఠీన్లలో నాలుగు బయటపడ్డాయి, తొమ్మిది మిగిలాయి. అంటే 46లో తొమ్మిది మీకు పనికొచ్చేవి, 37 పనికిరానివి. మీరు 15 పెడితే గెలిచేది అప్పుడు కుప్పలో ఉన్న 75. ఇదే పరిస్థితి 46 సార్లు వచ్చిందనుకోండి. 37 సార్లు పదిహేనేసి చొప్పున పోయేవి 555. తొమ్మిది సార్లు 75 చొప్పున వచ్చేవి 675. వచ్చేదే ఎక్కువ, కాబట్టి సరిపెట్టండి. “చూద్దాం బావా, ఎంతలే, పదిహేనే కదా” అని పెట్టిన మనిషీ, ఈ లెక్క వేసి పెట్టిన మనిషీ పైకి ఒకేలా కనిపిస్తారు.

బావగారు 15 బదులు 60 పెడితే తేడా తెలుస్తుంది. ముక్కలు అవే, ఆఠీను పడే అవకాశమూ అదే. ఇప్పుడు 120 కోసం మీరు 60 పెట్టాలి. 37 సార్లు పోయేవి 2,220. తొమ్మిది సార్లు వచ్చేవి 1,080. ఈ ధరకు కొనకూడదు, పడేయాలి. మొదటి మనిషి మాత్రం “ఇంతదూరం వచ్చాక వదలడమా” అంటూ ఈ 60 కూడా పెట్టేస్తాడు. నాలుగు ఆఠీన్లు చేతిలో పెట్టుకుని పడేయడం కష్టమే, కానీ ఆటలో ఎదగడమంటే ఆ కష్టం పడటమే. ఆసు పడితే జతతో గెలిచే అవకాశం, ఫ్లష్ కలిశాక బావగారి దగ్గర మరికొన్ని రాబట్టే అవకాశం కూడా ఉంటాయి. అవి కలిపితే లెక్క కాస్త మెరుగవుతుంది. అయినా 60కి సరిపోదు.

బల్ల దగ్గర ఇంత గుణకారం ఎవరు చేస్తారంటారా? ఆటగాళ్లు ఒక అడ్డదారి వాడతారు. మీకు పనికొచ్చే ముక్కలెన్నో లెక్కపెట్టండి. ఒక్క ముక్క మాత్రమే రావాల్సి ఉంటే రెండుతో, రెండు ముక్కలూ చూస్తారనుకుంటే నాలుగుతో హెచ్చవేయండి. అదే సుమారుగా నూటికి ఎంతో. తొమ్మిది ముక్కలకు ఒక్క ముక్క మీద 18 శాతం, అసలు లెక్క 19.6. రెండు ముక్కల మీద 36 శాతం, అసలు లెక్క 35. ఇంట్లో ఆడే ఆటకు ఇంతకన్నా ఖచ్చితం అక్కర్లేదు.

ఇక బ్లఫ్. పోకరు అనగానే అందరికీ గుర్తొచ్చేది, కొత్తవాళ్లు అందరికన్నా ఎక్కువగా చేసేది ఇదే. దీన్ని నటన అనుకుంటారు, మొహం బిగించి కూర్చుంటే చాలనుకుంటారు. గణిత శాస్త్రవేత్త జాన్ వాన్ నాయ్‌మన్ పోకరు మీద ఇష్టంతో చేసిన పరిశీలన 1944లో ఆర్థికవేత్త మోర్గెన్‌స్టెర్న్‌తో కలిసి రాసిన గ్రంథంలో ఒక అధ్యాయమైంది. బ్లఫ్ లేకుండా సరైన ఆట ఉండదని అక్కడ ఆయన లెక్కతో చూపించారు. మంచి చేయి ఉన్నప్పుడు మాత్రమే పందెం వేసే మనిషిని నాలుగు ఆటల్లో పసిగట్టేస్తారు, అతను వేసిన ప్రతిసారీ అందరూ పడేస్తారు, మంచి చేతికి కూడా ఏమీ రాదు. ఆయన నమూనాలో పందెం వేయాల్సింది మరీ మంచి చేతులతోనూ, మరీ పనికిరాని చేతులతోనూ. మధ్యరకం చేతులతో చెక్ చెప్పి ఊరుకోవాలి. మధ్యరకం చేయి చూపిస్తే గెలవచ్చు, దాన్ని బ్లఫ్‌కు ఖర్చుపెట్టడం వృథా.

కుప్పలో 60 ఉండగా మీరు 60తో బ్లఫ్ చేస్తే, ఎదుటివాళ్లు రెండుసార్లలో ఒకసారైనా పడేయాలి. అంతకన్నా తక్కువసార్లు పడేస్తే మీకు నష్టం. అందుకే బ్లఫ్ చేయాలా వద్దా అన్నది మీ ముక్కలకన్నా ఎదుటి మనిషి మీద ఎక్కువ ఆధారపడుతుంది. ఏదొచ్చినా పడేయని పెద్దనాన్న మీద బ్లఫ్ పనిచేయదు. ఆయన మీద మంచి చేయి వచ్చేదాకా ఓపిక పట్టి, వచ్చినప్పుడు నిండుగా పెట్టాలి.

చింతగింజల ఆటకు ఒక బలహీనత ఉంది. పోయినా ఏమీ కాదు కాబట్టి అందరూ అన్నిటికీ సరిపెట్టేస్తారు. అప్పుడు నేర్చుకునేదేమీ ఉండదు. మందు సులువే. ఎవరి వంద వాళ్లకే, అయిపోతే మళ్లీ ఇవ్వకూడదు. ముందుగా అయిపోయినవారు లేచి అందరికీ టీ పెట్టాలి. ఈ నియమం పెట్టి చూడండి, గింజలకు విలువ దానంతటదే వస్తుంది.

ఇప్పుడు అన్నిటికన్నా కష్టమైన సంగతి. బాగా ఆడీ ఓడిపోవడం, తప్పుగా ఆడీ గెలవడం పోకరులో రోజూ జరిగేవే. ఆసుల జత, రాజుల జత ఎదురుపడి ఉన్నదంతా పెట్టేస్తే ఆసులు నూటికి 82 సార్లు గెలుస్తాయి. మిగతా 18 సార్లూ తప్పు ఎవరిదీ కాదు. డాయల్ బ్రన్సన్ 1976లోనూ 1977లోనూ వరల్డ్ సిరీస్ ప్రధాన పోటీ గెలిచాడు. రెండేళ్లూ ఆఖరి ఆటలో ఆయన చేతిలో ఉన్నవి పదీ రెండూ, రెండుసార్లూ అవి ఫుల్ హౌస్ అయ్యాయి. ఆ రెండు ముక్కలకు ఇప్పటికీ ఆయన పేరే. అంతమాత్రాన పదీ రెండూ మంచి ముక్కలైపోవు. 2003లో టెన్నెసీకి చెందిన క్రిస్ మనీమేకర్ అనే అకౌంటెంటు 86 డాలర్ల ఆన్‌లైన్ పోటీ నుంచి మొదలై, 839 మంది ఆడిన ప్రధాన పోటీలో 25 లక్షల డాలర్లు గెలిచాడు. ఆ కథ విని ప్రపంచమంతా పోకరు వైపు పరిగెత్తింది. అదే పోటీలో ఓడిన 838 మంది కథ ఎవరూ చెప్పుకోలేదు. మన కుర్రాళ్లు ఎవరైనా ఆ కథ చూపించి మీతో వాదిస్తే ఈ రెండో అంకె కూడా చెప్పండి.

మంచి చేయి ఓడినప్పుడు మనసులో ఒక కసి పుడుతుంది. పోయింది వెంటనే రాబట్టాలని మామూలుగా పడేసే ముక్కలన్నీ ఉంచేస్తాం. ఆటగాళ్లు దీన్ని టిల్ట్ అంటారు. నేర్చుకున్నదంతా పావుగంటలో కొట్టుకుపోయేది ఇక్కడే. అలా అనిపించగానే లేచి నాలుగు ఆటలు బయట కూర్చోవడం తప్ప దీనికి వేరే విరుగుడు నేను చూడలేదు. 2017లో పిట్స్‌బర్గ్‌లో లిబ్రేటస్ అనే ప్రోగ్రామ్ నలుగురు మేటి ఆటగాళ్లతో 20 రోజుల్లో 1,20,000 చేతులు ఆడి అందరి మీదా గెలిచింది. దానికున్న గొప్ప వసతుల్లో ఇదొకటి, ఎంత పోయినా దానికి కసి పుట్టదు. అన్ని చేతులు ఆడించడానికీ కారణముంది. కొద్ది చేతుల ఫలితం చూసి ఎవరు మెరుగో చెప్పలేం.

అందుకని మెరుగవుతున్నామో లేదో గెలిచిన గింజలను బట్టి లెక్కించకండి. ఒక చిన్న నోటుబుక్కు పెట్టుకోండి. ఆట పూర్తయ్యాక మనసులో మెదిలే రెండు మూడు చేతులు రాసుకోండి. మీ ముక్కలు, మీ స్థానం, కుప్పలో ఎన్ని గింజలు, ఎవరు ఎంత పెట్టారు, మీరేం చేశారు. ఎదుటివాళ్లు ఏ రెండు ముక్కలు పట్టుకున్నారని ఒక్క చేతి మీదే ఊహ పెట్టుకోవద్దు. వాళ్లు అలా ఆడారంటే ఏయే చేతులు ఉండవచ్చో అన్నీ రాయండి. పై ఆటలో బావగారు 60 పెట్టారంటే ఆయన దగ్గర రాజూ రాణీ ఉండవచ్చు, ఏళ్ల జత ఉండవచ్చు, మీలాగే ఆఠీను కోసం ఎదురుచూస్తూ ఉండవచ్చు. వాటిలో ఏది ఎన్ని రకాలుగా వస్తుందో పేక పరిచి లెక్కపెట్టండి. రాజు బల్ల మీద ఒకటి పడింది కాబట్టి మిగిలిన రాజులు మూడు, రాణులు నాలుగు, మొత్తం పన్నెండు రకాలు. బల్ల మీద ఏడు ఒకటుంది, కాబట్టి ఏళ్ల జత మూడు రకాలే. ఇలా నాలుగు ఆదివారాలు కూర్చుంటే ఎదుటివాళ్ల ముక్కలను గాలిలో ఊహించడం మానేసి, కట్టలోంచి లెక్కకట్టడం వస్తుంది.

గెలిచిన చేతులు కూడా రాయండి, అవి రాయడం చాలామంది మానేస్తారు. ఒక్కో చేతి కింద ఒక ప్రశ్న రాసుకోండి. ఎదుటివాళ్ల ముక్కలు తిరగేయకముందు నేను పెట్టడానికి, లేదా పడేయడానికి, కారణమేమిటి? జవాబు రాయడానికి మాటలు దొరకని చేతి పక్కన ఒక చుక్క పెట్టండి. మరుసటి ఆదివారం ముందుగా ఆ చుక్క పెట్టిన చేతులే బల్ల మీద పరచండి.